మెరైన్ బయాలజీ ఎమ్మెస్సీలో రోజూ చేసే పని ఏమిటి? (సిక్కోలు, విజయనగరం పిల్లల కోసం)

టెక్కలి_బైపీసీ
అందరికీ నమస్కారం. బీఎస్సీ జువాలజీ చివరి ఏడాది. పీజీసెట్ రాసి మెరైన్ బయాలజీ వైపు వెళ్లాలని ఉంది. యూట్యూబ్ తెరిస్తే అన్నీ డాల్ఫిన్లు, పగడపు దిబ్బలు, స్కూబా. నిజంగా ల్యాబులో, పడవ మీద ఏం చేయిస్తారు? కెమిస్ట్రీ, లెక్కలు ఎంత రావాలి? ఈత రాకపోతే ఇబ్బందా? "మంచి కోర్సేనమ్మా, చేరిపో" అనే జవాబులు ఇంట్లో సరిపడా దొరికాయి, దయచేసి అవి వద్దు.

ఉప్పుటేరు
డాల్ఫిన్ల సంగతి తర్వాత, ముందు సీసాలు కడగడం గురించి మాట్లాడుకుందాం.

రెండేళ్లు, నాలుగు సెమిస్టర్లు. పేపర్ల పేర్లు యూనివర్సిటీని బట్టి మారతాయి గానీ సరుకు దాదాపు ఒకటే: సముద్ర భౌతిక, రసాయన శాస్త్రాలు, ప్లవకాలు (నీటిలో తేలుతూ కొట్టుకుపోయే సూక్ష్మజీవులు, పాచి), అడుగున బతికే జీవులు, చేపల శాస్త్రం, చేపల నిల్వల అంచనా, మైక్రోబయాలజీ, కాలుష్యం, స్టాటిస్టిక్స్, చివర్లో డిసర్టేషన్. ఇందులో విద్యార్థిని ఎక్కువ ఏడిపించేది జువాలజీ కాదు, కెమిస్ట్రీ. ఒక్క ప్రాక్టికల్ పూర్తిగా చెబుతాను, మిగతావి ఎలా ఉంటాయో మీకే తెలుస్తుంది.

నీటిలో కరిగిన ఆక్సిజన్ కొలిచే వింక్లర్ పద్ధతి. 1888 నాటిది, ఇప్పటికీ సెన్సార్లను సరిచూసేది దీనితోనే. 300 మి.లీ. బీఓడీ సీసా (గాలి దూరకుండా గాజు బిరడా ఉన్నది) తీసుకుంటారు. నీళ్లు పైనుంచి పోయకూడదు. రబ్బరు గొట్టం కొస సీసా అడుక్కి ఆనించి మెల్లగా వదలాలి, నిండాక ఇంకో రెండు సీసాల నీళ్లు పొర్లిపోనివ్వాలి. గొట్టంలో గానీ సీసా మెడలో గానీ ఒక్క బుడగ కూడా మిగలకూడదు. తర్వాత మాంగనస్ సల్ఫేట్ 1 మి.లీ., క్షార అయోడైడ్ 1 మి.లీ., పిపెట్ మొన నీటిలోకి దించి వదలాలి. బిరడా బిగించి పదిహేను ఇరవై సార్లు తలకిందులు చేస్తే గోధుమరంగు మడ్డి కడుతుంది. మడ్డి తెల్లగానే ఉండిపోతే ఆ నీటిలో ఆక్సిజన్ లేనట్టు. మడ్డి సగానికి పైగా దిగాక గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం 1 మి.లీ. వేసి మళ్లీ తిప్పాలి. మడ్డి కరిగి తేనె రంగు వస్తుంది. అందులోంచి 201 మి.లీ. తీసి 0.025 నార్మల్ థయోసల్ఫేట్‌తో టైట్రేషన్ చేయాలి. ఎండుగడ్డి రంగుకు దిగాకే స్టార్చ్ వేయాలి. నీలం పోయిన తొలి చుక్క దగ్గర ఆపాలి. ఎన్ని మి.లీ. పడిందో, లీటరుకు అన్ని మి.గ్రా. ఆక్సిజన్.

ఇందులో చెడగొట్టే దారులు బోలెడు. స్టార్చ్ ముందే వేస్తే అయోడిన్ దాన్ని పట్టుకుని వదలదు, ముగింపు ఆలస్యంగా వస్తుంది, విలువ ఎక్కువ చూపిస్తుంది. కాసేపాగితే నీలం మళ్లీ వస్తుంది, అది చూసి ఇంకో చుక్క వేయకూడదు. థయోసల్ఫేట్ నిలవుంటే బలం తగ్గుతుంది కాబట్టి వాడే రోజే డైక్రోమేట్‌తో సరిచూడాలి. మన తీరంలో నీరు 28 డిగ్రీల దగ్గర, ఉప్పదనం వెయ్యికి 33 పాళ్ల దగ్గర ఉంటే అది పట్టగలిగే ఆక్సిజన్ లీటరుకు సుమారు 6.5 మి.గ్రా. మీకు 9 వచ్చిందంటే, నీళ్లు పచ్చగా పాచి పట్టిన రోజైతే తప్ప, తప్పు సముద్రానిది కాదు.

భావనపాడు_తెప్ప
మాస్టారూ, 201 ఏటండీ? పుస్తకంలో 200 కదా ఉంది.

ఉప్పుటేరు
మంచి ప్రశ్న. మడ్డి కట్టించడానికి రెండు ద్రావణాలు ఒక్కో మి.లీ. వేశాం కదా, నిండు సీసాలోంచి 2 మి.లీ. అసలు నీరు బయటికి పోయింది. అంటే 300లో 298 మాత్రమే శాంపిల్. 200ని 300తో హెచ్చించి 298తో భాగిస్తే 201 పైచిలుకు వస్తుంది. ఆమ్లం వేసేటప్పుడు పొర్లేది పైనున్న తేట నీరు, ఆక్సిజన్ అంతా మడ్డిలో ఉంది కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోరు. ద్రావణాలు రెండేసి మి.లీ. వేసే ల్యాబులో ఇదే లెక్కతో 203 తీసుకుంటారు. వైవాలో అడిగేది ఇలాంటివే.

రాతిగవ్వ
కెమిస్ట్రీ ఒక ఎత్తయితే, మైక్రోస్కోప్ ముందు కూర్చోవడం ఇంకో ఎత్తు.

అడుగు జీవుల పని ఇలా ఉంటుంది. పడవ మీంచి ఇనుప గ్రాబ్ వదిలి సముద్రం అడుగు మట్టి తీస్తారు. నోరు సరిగ్గా మూసుకోకుండా పైకొస్తే, అంటే మధ్యలో గవ్వో రాయో అడ్డుపడితే, మట్టి జారిపోతుంది. ఆ శాంపిల్ పారేసి మళ్లీ వేయాలి. "సగం ఉంది కదా సార్" అంటే కుదరదు, ఎందుకంటే తర్వాత లెక్క చదరపు మీటరుకు కట్టాలి. మట్టిని 0.5 మి.మీ. జల్లెడలో సముద్రపు నీటితోనే కడగాలి. మంచినీళ్లు పోస్తే మెత్తటి పురుగులు ఉబ్బి చితికిపోతాయి. నీటిధార గట్టిగా కొడితే పాలీకీట్ పురుగుల తలలు తెగుతాయి. తలలే లెక్కపెట్టాలి, తోకలు లెక్కలోకి రావు. మిగిలినదాన్ని ఫార్మలిన్‌లో వేసి, రోజ్ బెంగాల్ రంగు చిటికెడు కలుపుతారు. అప్పుడు జీవులు గులాబీ రంగు తిరిగి ఇసుకలోంచి విడిగా కనిపిస్తాయి. రంగు ఎక్కువైతే ఎండుటాకు ముక్క కూడా గులాబీయే.

తర్వాత ఏరడం. తెల్ల ట్రేలో చెంచాడు చెంచాడు పోసుకుని సన్న పట్టకారుతో ఒక్కోదాన్నీ తీయాలి. ఒక్క శాంపిల్‌కి పూట పట్టొచ్చు, నల్ల బురద అయితే రోజు. పడవ మీద అరగంటలో తీసిన మట్టికి ల్యాబులో వారం పని. ఈ లెక్క తెలియకే చాలామంది డిసర్టేషన్‌కి "పది స్టేషన్లు, మూడు శాంపిల్స్ చొప్పున, నెలనెలా" అని రాసేసి మార్చిలో తల పట్టుకుంటారు. స్టేషన్లు నాలుగు చాలు, శాంపిల్స్ మాత్రం మూడేసి ఉండాలి. ఒక్కటే తీస్తే స్టాటిస్టిక్స్ వేయడానికి ఏమీ మిగలదు.

ఫార్మలిన్ గురించి ఒక మాట. దుకాణంలో దొరికేది 37 నుంచి 40 శాతం ఫార్మాల్డిహైడ్. దాని ఒక పాలుకు తొమ్మిది పాళ్లు సముద్రపు నీరు కలిపితే "10 శాతం ఫార్మలిన్", అంటే 4 శాతం ఫార్మాల్డిహైడ్. ఈ రెండు పేర్లూ కలగాపులగం చేసి రిపోర్టులో రాసేవాళ్లు ప్రతి బ్యాచిలోనూ ఉంటారు. బోరాక్స్ కలపకపోతే ఆమ్లగుణం వల్ల చిన్న గవ్వల పెంకులు కొన్ని నెలల్లో కరిగిపోతాయి. డీఎన్‌ఏ చేయాలనుకుంటే ఫార్మలిన్ ముట్టించనే వద్దు, కండ ముక్కో రెక్క ముక్కో కోసి 95 శాతానికి పైనున్న ఇథనాల్‌లో వేయాలి. గ్లౌజులు, కిటికీలు తెరిచిన గది, ఈ రెండూ లేకుండా ఫార్మలిన్ సీసా మూత తీయొద్దు.

నెల్లిమర్ల_జనపనార
ప్లవకాలు వదిలేశారేంటి! జంతు ప్లవకాలకు 200 మైక్రాన్ల వల వాడతారు. మూతి వ్యాసం అర మీటరు అయితే వైశాల్యం 0.196 చ.మీ. వంద మీటర్లు లాగితే 19.6 ఘనపు మీటర్ల నీరు జల్లించినట్టు. కాగితం మీద అంతే. నీళ్లు పచ్చగా ఉన్న రోజు వల కళ్లు పూడుకుపోయి నీరు మూతి దగ్గరే తిరిగిపోతుంది. అందుకే మూతిలో ఫ్లోమీటర్ కట్టి, అది చూపిన అంకెతోనే లెక్క వేయాలి. లాగడం అయ్యాక వలను బయటివైపు నుంచి నీళ్లు కొట్టి కడగాలి. లోపల్నుంచి కొడితే ఆ కడిగే నీటిలోని జీవులు కూడా ఈ సీసాలో చేరతాయి.

మైక్రోస్కోప్ కింద సగానికి పైగా కోపిపాడ్లే (రొయ్యల వర్గానికి చెందిన చిన్న జీవులు) కనిపిస్తాయి. మొదట్లో అన్నీ ఒకటే రకం బియ్యపు గింజల్లా ఉంటాయి. జాతి తేల్చాలంటే అయిదో జత కాళ్లు చూడాలి. గ్లిజరిన్ చుక్కలో పడుకోబెట్టి, రెండు సన్న సూదులతో ఆ కాళ్ల జత ఊడదీసి స్లైడ్ మీద పెట్టాలి. జంతువు మొత్తం పొడవే ఒక మి.మీ. చెయ్యి వణికితే కాలు ఎగిరిపోతుంది, మళ్లీ ఇంకోటి వెతుక్కోవాలి.

వలమోపు
చేపల వైపు రండి, కాస్త వెలుతురు.

విజయనగరం, శ్రీకాకుళం పిల్లలకు ఇక్కడ ఒక సౌకర్యం ఉంది, ఒక గోతి కూడా ఉంది. సౌకర్యం ఏంటంటే చేపల పేర్లు పుట్టుకతో వస్తాయి. కానాగుర్తనే తీసుకోండి. దాని శాస్త్రీయ నామం రాస్ట్రెల్లిగర్ కానాగుర్త. ప్యాట్రిక్ రస్సెల్ (రక్తపింజరి శాస్త్రీయ నామంలో ఉన్న రస్సెల్ ఆయనే) విశాఖ తీరంలో చేపల బొమ్మలు గీయించి, స్థానికులు పిలిచే పేర్లతోనే 1803లో అచ్చు వేయించారు. ఆ పేరునే ఫ్రెంచి జీవశాస్త్రవేత్త కువియే 1816లో శాస్త్రీయ నామంగా పెట్టాడు. లాటిన్ అని బట్టీ పడుతున్నది మన బెస్తవాళ్ల మాటే.

గోతి ఏంటంటే, "పార" అని ఒక్క పేరుతో పిలిచే చేపల్లో చాలా జాతులు ఉన్నాయి. "కవ్వలు" కూడా అంతే. రిపోర్టులో స్థానిక నామం రాసి ఊరుకుంటే మార్కులు రావు. రెక్కల ముళ్లు, మెత్తటి కిరణాలు విడివిడిగా లెక్కపెట్టాలి. పార్శ్వరేఖ మీద గట్టి పొలుసులు ఎక్కడ మొదలయ్యాయో చూడాలి, మొప్ప ముళ్లు లెక్కపెట్టాలి. కానాగుర్త నోరు తెరిస్తే లోపల ఈకల్లా పొడుగాటి మొప్ప ముళ్లు కనిపిస్తాయి, ఛాతీ రెక్క కింది అంచు దగ్గర నల్ల మచ్చ ఉంటుంది. ఎఫ్‌ఏవో (ఐరాస ఆహార, వ్యవసాయ సంస్థ) గుర్తింపు పత్రాలు, ఫిష్‌బేస్ (చేపల వెబ్‌సైటు) ఉచితంగా దొరుకుతాయి. అయితే ఫిష్‌బేస్‌లో ఫోటో చూసి పేరు ఖాయం చేసుకోవద్దు. ఐసులో రెండు రోజులున్న చేపకు ఆ రంగులు ఉండవు.

పొడవు–బరువు సంబంధం అందరూ చేసే సులువు డిసర్టేషన్. రెండింటికీ లాగరిథం తీసి గీత గీస్తే వాలు 3 దగ్గర రావాలి. 2.1 వచ్చిందా? ముందు ఎక్సెల్ చూసుకోండి. కొన్ని చేపలకు తోక చీలిక దాకా, కొన్నింటికి తోక కొస దాకా కొలిచి ఉంటారు. లేదా ఒకే సైజు చేపలే రేవులో దొరికి ఉంటాయి. రేవులో బుట్టలు అప్పటికే సైజుల వారీగా వేరు చేసి ఉంటాయని గుర్తుంచుకోవాలి. పాటదారు వేరు చేయకముందే, పడవ దిగగానే శాంపిల్ తీసుకోవాలి, అంటే తెల్లవారుజామున రేవులో ఉండాలి.

భావనపాడు_తెప్ప
ఇంకోటి సెప్పాల గురూ. ఏటంటే, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూరుపు తీరంలో మరపడవల వేట బందు. 61 రోజులు. నాలుగో సెమిస్టరు డిసర్టేషను సరిగ్గా అప్పుడే పడతాది. సేపలు కావాలంటే జనవరిలోనే మొదలెట్టీయాల. మోటారు లేని నాటు తెప్పలకి ఆ బందు లేదు, కానీ ఆటిల్లో దొరికే సేపలు వేరు, వల కన్ను వేరు. మార్చిలో ట్రాలరు సేపలు కొలిసి, మేలో తెప్ప సేపలు కొలిసి రెండూ ఒక గీత మీద పెట్టీస్తే మాస్టార్లు ఊరుకోరు.

అక్టోబరు, నవంబరు కూడా నమ్ముకోవద్దు. 2018లో తిత్లీ తుపాను అక్టోబరు 11న పలాస దగ్గిర తీరం దాటింది. వాయుగుండం ఉందంటే పడవ ఎవుడూ తీయడు, తీయకూడదు కూడా.

టెక్కలి_బైపీసీ
చాలా థాంక్సండీ. ఇలా ఎవరూ చెప్పలేదు. పడవ మీద సంగతి, ఈత సంగతి?

ఉప్పుటేరు
ఈత రానివాళ్లు చాలామంది పాసవుతున్నారు. లైఫ్‌జాకెట్ కట్టుకోవడం తప్పనిసరి, స్కూబా సిలబస్‌లో భాగం కాదు. అయినా ఈత నేర్చుకోండి. డిసర్టేషన్‌కి రాతి తీరమో ఉప్పుటేరో తీసుకుంటే మోకాటి లోతులో జారిపడ్డా కంగారు ఉండదు.

అసలు ఇబ్బంది వాంతులు. ప్రోమెథజైన్ మాత్ర పడవ ఎక్కడానికి గంట ముందే వేసుకోవాలి, కడుపు తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే దండగ. నిద్ర ముంచుకొస్తుంది కాబట్టి, మీకు పడుతుందో లేదో ముందే డాక్టరుని అడగండి. ఖాళీ కడుపుతో ఎక్కొద్దు, రెండు ఇడ్లీలు తిని ఎక్కండి. పడవ లోపల కూర్చుని ఫోను చూడొద్దు, బయట నిలబడి దిగంతం వైపు చూడాలి.

పెద్ద పరిశోధన నౌకల్లో, సాగర్ సంపద, సింధు సాధన లాంటివాటిలో, అవకాశం వస్తే ఒక వరస గుర్తుంచుకోండి. సీటీడీ (ఉప్పదనం, వేడి, లోతు కొలిచే పరికరం) పైకి రాగానే దాని చుట్టూ ఉండే నిస్కిన్ సీసాల (లోతు నీటిని పట్టి తెచ్చేవి) నుంచి మొదట ఆక్సిజన్‌కి నీరు తీస్తారు, తర్వాత పీహెచ్, పోషకాలు, అందరికన్నా చివర ఉప్పదనం. సీసాలోకి గాలి దూరే కొద్దీ ముందు పాడయ్యేది వాయువుల కొలత, ఉప్పు ఎక్కడికీ పోదు. మధ్యలో ఎవరో తొందరపడి క్లోరోఫిల్‌కి లీటరు నీరు తీసేసుకున్నారంటే ఆ సీసా ఆక్సిజన్ పోయినట్టే. నౌకలో గొడవలన్నీ ఇక్కడే.

పూసపాటిరేగ_రొయ్య
ఉద్యోగాల మాట ఎవరూ ఎత్తడం లేదు కాబట్టి చెప్తున్నా. మత్స్యశాఖ ఉద్యోగాలు, చేపల రంగంలో పై చదువులు (ఎంఎఫ్‌ఎస్‌సీ) ప్రధానంగా బీఎఫ్‌ఎస్‌సీ వాళ్లవి. అది నాలుగేళ్ల వృత్తి డిగ్రీ, ఇంటర్ బైపీసీ తర్వాతే చేరాలి. ఎమ్మెస్సీ మెరైన్ బయాలజీ చేసి ఆ గుమ్మం దగ్గరికి వెళ్తే "అర్హత లేదు" అంటారు. ప్రతి ప్రకటనలో అర్హత గడి చదవకుండా ఫీజు కట్టొద్దు.

మీకు తెరిచి ఉన్న దారులు: పరిశోధన సంస్థల్లో ప్రాజెక్టు పోస్టులు (విశాఖలోనే ఎన్‌ఐఓ అనే జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ, సీఎంఎఫ్‌ఆర్‌ఐ అనే కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థల ప్రాంతీయ కేంద్రాలు ఉన్నాయి), ఓడరేవులకు పర్యావరణ అంచనా రిపోర్టులు చేసే కన్సల్టెన్సీలు, భోగాపురం, పూసపాటిరేగ తీరంలో వనామి రొయ్యల హేచరీలు. హేచరీలో మైక్రోస్కోప్ పట్టు ఉన్నవాళ్లకి విలువ ఉంది: జోయియా (రొయ్య పిల్ల తొలి దశల్లో ఒకటి) పేగు నిండిందా, కీటోసెరాస్ పాచి కణాలు మిల్లీలీటరుకు ఎన్ని, టీసీబీఎస్ (బ్యాక్టీరియా పెంచే మాధ్యమం) పళ్లెంలో విబ్రియో బ్యాక్టీరియా మచ్చలు పసుపా ఆకుపచ్చవా. కానీ రాత్రి డ్యూటీలు, రొయ్య పిల్ల చచ్చిపోతే నింద టెక్నీషియన్ మీదే.

రాతిగవ్వ
పూసపాటిరేగ గారు చెప్పింది నిజమే గానీ పరిశోధన వైపు మరీ చిన్నచూపు చూడొద్దు. సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే 2023 జనవరి నుంచి నెలకు 37,000, ఇంటి అద్దె భత్యం అదనం. చిక్కేంటంటే మెరైన్ బయాలజీకి ప్రత్యేక పేపర్ లేదు. లైఫ్ సైన్సెస్ రాయాలి. అందులో సముద్రం వాటా కొంచెమే, సెల్ బయాలజీ, జన్యుశాస్త్రం, బయోకెమిస్ట్రీ ఎక్కువ. 200 మార్కుల్లో సి భాగమే సగం, ప్రశ్నకు 4 మార్కులు, 75లో 25 రాస్తే చాలు, తప్పుకు నాలుగో వంతు కోత. జీవావరణం, పరిణామం, జీవవైవిధ్యం, ఈ మూడు యూనిట్లు మనవాళ్లు గట్టిగా పట్టుకోవాలి. ఎమ్మెస్సీ మొదటి ఏడాదిలోనే ఒక కణజీవశాస్త్రం పుస్తకం పక్కన పెట్టుకున్నవాళ్లకీ, పెట్టుకోనివాళ్లకీ తేడా రెండో ఏడాది చివర్లో తెలుస్తుంది.

లెక్కలు అడిగారు: టీ పరీక్ష, అనోవా, రిగ్రెషన్, షానన్ సూచిక (జాతుల వైవిధ్యం చెప్పే అంకె). చేత్తో ఒకసారి, తర్వాత ఆర్ సాఫ్ట్‌వేర్‌లో. ఆర్ ఉచితం, ఈ వేసవి సెలవుల్లోనే మొదలుపెట్టొచ్చు.

సంతపిల్లి_దీపం (నిర్వాహకులు)
ఒక హెచ్చరిక. ఒడ్డున దొరికిందల్లా శాంపిల్ కాదు. పగడాలు, సముద్ర గుర్రాలు, సముద్ర దోసకాయలు, తాబేళ్లు 1972 వన్యప్రాణి చట్టం కింద రక్షణలో ఉన్నవి. చచ్చిన ఆలివ్ రిడ్లీ కనిపించినా తాకొద్దు, కొలతలకని డొప్ప తీయొద్దు, అటవీశాఖకి కబురు చేయండి. గుడ్ల గుంత కనిపిస్తే అస్సలు కదపొద్దు. పెట్టిన కొన్ని గంటల తర్వాత గుడ్డు అటూ ఇటూ దొర్లితే లోపలి పిండం పెంకు నుంచి విడిపోయి చచ్చిపోతుంది. హేచరీలకి తరలించేది శిక్షణ ఉన్నవాళ్లే.

టెక్కలి_బైపీసీ
అర్థమైందండీ. చివరిగా ఒకటి. పీజీసెట్‌కి ఇంకా టైముంది. ఈలోగా ఈ పని నాకు పడుతుందో లేదో తెలుసుకోవడానికి ఒక్క రోజు ఏమైనా చేసి చూడొచ్చా? మైక్రోస్కోప్ లేదు.

రాతిగవ్వ
చూడొచ్చు. ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార సంస్థ) వాళ్ల సైటులో విశాఖ ఆటుపోట్ల సమయాలు చూసుకుని, అమావాస్యకో పున్నానికో దగ్గర్లో పగటిపూట పాటు పడే రోజు ఎంచుకోండి. ఆ రోజుల్లో పోటుకీ పాటుకీ తేడా మీటరున్నర దాకా ఉంటుంది, అష్టమి రోజుల్లో సగం కూడా ఉండదు. మీకు భావనపాడు దగ్గర, అక్కడ ఇసుకే కాబట్టి ఇసుక పద్ధతి. రాతి జీవులు చూడాలంటే పూసపాటిరేగ తీరంలోని చింతపల్లి వెళ్లాలి.

పాటు పూర్తవడానికి గంట ముందే చేరాలి. పోటు గీత దగ్గర కర్ర పాతి, అక్కడి నుంచి నీటి అంచు దాకా తాడు లాగండి. అయిదేసి మీటర్లకు ఒక చోట 25 సెం.మీ. చదరం గీసి, 15 సెం.మీ. లోతు ఇసుక తవ్వి, దోమతెర గుడ్డలో వేసి సముద్రపు నీటిలో జాడించండి. ఏం మిగిలిందో లెక్కపెట్టి రాసుకుని, బతికున్నవాటిని అక్కడే వదిలేయండి. పైన దెయ్యపు పీతల బొరియలు, కింద అల తడిపే చోట డోనాక్స్ గవ్వలు, గుడ్డు ఆకారంలో వెనక్కి తవ్వుకుంటూ పోయే ఎమెరిటా పీతలు దొరకాలి. పెన్సిలుతోనే రాయండి, పెన్ను తడిస్తే పోతుంది. ప్రతి చోటా సున్నా వచ్చినా సున్నా అని రాయాలి, ఖాళీ వదలకూడదు.

భావనపాడు_తెప్ప
దోమతెర కన్ను మిల్లీమీటరు దాటుతాది, పిల్ల గవ్వలు జారిపోతాయి. దాన్ని రెండు మడతలు ఏసుకో తమ్ముడూ. తాడుకి అయిదు మీటర్లకోసారి ముడి ఇంటికాడే ఏసీ, ఇసకలో కొలిసీ పని ఉండదు.

టెక్కలి_బైపీసీ
వచ్చే పున్నమికి వెళ్తున్నా. అంకెలు ఇక్కడే పెడతాను, సున్నాలతో సహా.